హై రిస్క్ రిపోర్టు వచ్చాక ఎన్ఐపీటీనా, ఉమ్మనీటి పరీక్షా: ఏది మేలు?

నా రెండో గర్భంలో ఎన్‌టీ స్కాన్ (బిడ్డ మెడ వెనుక నీటి మందం కొలిచేది), డబుల్ మార్కర్ (తల్లి రక్త పరీక్ష) కలిపి లెక్కవేసిన రిపోర్టులో డౌన్ సిండ్రోమ్‌కు (21వ క్రోమోజోము ఒకటి అదనంగా ఉండే స్థితికి) ఎదురుగా 1:46 అనే అంకె, దాని పక్కన హై రిస్క్ అనే మాట ఉన్నాయి. ఈ సంగతి తెలిసినవాళ్ళు, తమ చేతికి అలాంటి రిపోర్టే వచ్చినప్పుడు, నన్ను వెతుక్కుంటూ వచ్చి అడిగే ప్రశ్న ప్రతిసారీ ఒకటే: తల్లి రక్తంతో చేసే ఎన్ఐపీటీతో సరిపెట్టుకోవచ్చా, లేక నేరుగా ఉమ్మనీరు తీయించుకోవాలా? నేను రెండోదాన్ని ఎంచుకున్నాను. నాకు సరిపడినది అందరికీ సరిపడుతుందని అనను, నేను వైద్యురాలిని కూడా కాను. అయితే ఈ రెండింటినీ తూచేటప్పుడు దేన్ని ముందుగా త్రాసులో పెట్టాలన్న విషయంలో మాత్రం నాకు గట్టి అభిప్రాయమే ఉంది.

పరీక్షల సంగతికి ముందు ఆ అంకె గురించి ఒక మాట చెప్పాలి. 1:46 అంటే అదే అంకె వచ్చిన 46 మంది గర్భిణులలో ఒకరి బిడ్డకు ఆ స్థితి ఉండవచ్చని, 45 మంది బిడ్డలకు ఉండదని అర్థం. చాలా ల్యాబులు 1:250 దగ్గర గీత గీస్తాయి, కొన్ని 1:150 దగ్గర, కొన్ని 1:300 దగ్గర గీస్తాయి. ఆ గీతకు ఒక పక్కన పడితే హై రిస్క్, మరో పక్కన పడితే లో రిస్క్. అంటే 1:240 వచ్చిన తల్లికీ, 1:8 వచ్చిన తల్లికీ కాగితం మీద కనిపించే మాట ఒక్కటే, భయమూ ఒక్కటే, కానీ వాళ్ళు తీసుకోవలసిన నిర్ణయాలు ఒకటి కావు. అందుకే నన్ను అడిగిన ప్రతివారినీ నేను తిరిగి అడిగేది ఆ మాటను కాదు, అంకెను. ఆ తర్వాత, ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందన్నది. బిడ్డ మెడ వెనుక నీటి మందం ఎక్కువగా ఉండడం వల్ల వచ్చిందా, లేక స్కాన్ మామూలుగానే ఉండి రక్తంలో డబుల్ మార్కర్ కొలిచే పాప్-ఏ, బీటా హెచ్‌సీజీల హెచ్చుతగ్గుల వల్ల వచ్చిందా? లెక్కలోకి ఎక్కించిన వయసు, బరువు, గర్భం వారాలు, ఐవీఎఫ్ ద్వారా నిలిచిన గర్భమా కాదా అన్న వివరాలు సరిగా ఉన్నాయా? వీటిలో ఒకటి తప్పినా అంకె మారిపోతుంది కనుక, మిగతా పనులన్నిటికంటే ముందు ఆ రిపోర్టులోని ప్రతి గడినీ డాక్టర్‌తో కలిసి సరిచూసుకోవాలి.

ఇక ఎన్ఐపీటీ. తల్లి రక్తంలో తేలుతూ ఉండే చిన్న చిన్న డీఎన్ఏ ముక్కలలో కొన్ని గర్భం నుంచి వచ్చినవని 1997లో శాస్త్రవేత్త డెన్నిస్ లో (Dennis Lo) బృందం కనుగొన్నది. 2011 నుంచి ఆ విషయం మీద ఆధారపడిన పరీక్ష గర్భిణులకు అందుబాటులోకి వచ్చింది. పదో వారం నుంచి ఎప్పుడైనా చేయించుకోవచ్చు. చేతి నుంచి రక్తం తీయడమే తప్ప గర్భాన్ని తాకేది ఏమీ లేదు కనుక గర్భస్రావం భయం లేదు. డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డలలో నూటికి 99 మందిని ఇది పట్టుకుంటుంది. లేనివాళ్ళలో ఉన్నదని తప్పు చెప్పేది వెయ్యికి ఒకరికంటే తక్కువ. 18, 13వ క్రోమోజోములు అదనంగా ఉండే ఎడ్వర్డ్స్, పటావ్ సిండ్రోమ్‌ల విషయంలో ఈ పట్టు కొంత తగ్గుతుంది.

ఇంత మంచి పరీక్షను నిర్ధారణ పరీక్ష అని ఎందుకు అనరన్నది చాలామందిని తికమక పెడుతుంది. ఆ డీఎన్ఏ ముక్కలు బిడ్డ నుంచి కాక మావి నుంచి వస్తాయి. మావి కణాలలో ఉన్న తేడా బిడ్డలో లేకపోవడం అరుదుగానైనా జరుగుతుంది. కవలలలో ఒకరు తొలి వారాలలోనే కరిగిపోయినా ఫలితం తప్పుదారి పట్టవచ్చు. అందుకే ఎన్ఐపీటీలో హై రిస్క్ అని వచ్చినా దాని ఆధారంగా ఎవరూ ఏ నిర్ణయమూ తీసుకోకూడదు, ఉమ్మనీటి పరీక్షతో నిర్ధారించుకోవలసిందే.

ఉమ్మనీటి పరీక్షను, అంటే అమ్నియోను, పదిహేనో వారం నుంచి చేస్తారు. స్కాన్‌లో చూస్తూ సన్నని సూదితో పదిహేను ఇరవై మిల్లీలీటర్ల నీరు తీస్తారు, కొద్ది నిమిషాల పని. ఆ నీటిలో బిడ్డ కణాలే ఉంటాయి. 13, 18, 21వ క్రోమోజోముల గురించిన తొలి జవాబు రెండు మూడు పని దినాలలో వస్తుంది. కణాలను పెంచి క్రోమోజోములన్నిటినీ చూసే పూర్తి క్యారియోటైప్‌కు సుమారు రెండు వారాలు పడుతుంది. మైక్రోఅర్రే కూడా అడిగితే క్యారియోటైప్‌కు కనిపించనంత చిన్న లోపాలు కూడా బయటపడతాయి. దీనికున్న భయమల్లా గర్భస్రావం. పాత లెక్కలలో నూటికి ఒకటి అని చెప్పేవారు. అనుభవం ఉన్న చేతులలో అది వెయ్యికి ఒకటి నుంచి మూడు వరకే ఉంటుందని ఇటీవలి సమీక్షలు చెబుతున్నాయి.

ఇక్కడ చాలామంది చేసే పోలిక ఒకటి ఉంది: బిడ్డకు తేడా ఉండే అవకాశం 1:46, సూది వల్ల నష్టం 1:500, కాబట్టి సూదే మేలు అని. ఈ లెక్క చూడడానికి సూటిగా ఉన్నా, రెండు పక్కలా ఉన్నవి ఒకే జాతి వస్తువులు కావు. ఒక పక్కన ఉన్నది తెలుసుకోవడం, మరో పక్కన ఉన్నది పోగొట్టుకోవడం. పదేళ్ళ ఎదురుచూపు తర్వాత గర్భం నిలిచిన స్త్రీకి 1:500 బరువు వేరు, ఇంట్లో ఇద్దరు పిల్లలున్న స్త్రీకి వేరు. ఈ బరువును ఆమె తరఫున మరొకరు తూచలేరు, భర్త కూడా తూచలేడని నేననుకుంటాను.

అందువల్ల నేను తూచినది వేరొకటి: ఎన్నిసార్లు ఎదురుచూడాలి? పరీక్ష ఏదైనా అది ఒక ఎదురుచూపును మొదలుపెడుతుంది. ఆ కాలంలో నిద్ర ఎలా ఉంటుందో, కడుపులో కదలిక తెలిసినా సంతోషపడడానికి ఎలా జంకుతామో, అందరికీ చెప్పాలనుకున్న కబురును ఎలా దాచుకుంటామో అనుభవించినవాళ్ళకు తెలుసు. ఎన్ఐపీటీలో ఎదురుచూపు వారం పది రోజులు. లో రిస్క్ అని వస్తే అక్కడితో ఆగిపోతుంది. హై రిస్క్ అని వస్తే రెండో ఎదురుచూపు మొదలవుతుంది, అది మొదటిదానికంటే చాలా బరువైనది. తల్లి రక్తంలో గర్భపు డీఎన్ఏ వాటా నాలుగు శాతం కంటే తక్కువగా ఉంటే అసలు ఫలితమే రాకపోవచ్చు, తల్లి బరువు ఎక్కువైన కొద్దీ ఇలా జరిగే అవకాశం పెరుగుతుంది. అప్పుడు మళ్ళీ రక్తం, మళ్ళీ పది రోజులు. ఉమ్మనీటి పరీక్షలో ఎదురుచూపు సాధారణంగా ఒక్కటే, వచ్చే జవాబు ఆ ప్రశ్నకు చివరి జవాబు.

ఈ కొలతతో చూస్తే ఎంపిక అంకెను బట్టి మారిపోతుంది. 1:200 వచ్చిన 20,000 మందిని ఊహించుకుందాం. వారిలో 100 మంది బిడ్డలకు డౌన్ సిండ్రోమ్ ఉంటుంది. ఎన్ఐపీటీ వారిలో 99 మందిని పట్టుకుంటుంది, లేని 19,900 మందిలో మహా అయితే 20 మందికి ఉన్నదని పొరపాటుగా చెబుతుంది. ఫలితం రాని కొద్దిమందిని పక్కన పెడితే, మిగతా 19,880 మందికి ఒక్క ఎదురుచూపుతో, సూది అవసరం లేకుండా విషయం ముగిసిపోతుంది. స్కాన్ మామూలుగా ఉండి, రక్తం అంకెల వల్ల మాత్రమే గీత దాటినవాళ్ళకు ఎన్ఐపీటీయే మేలని నేను అందుకే నిస్సంకోచంగా చెబుతాను. నా స్నేహితురాలు ఒకరికి 1:210 వచ్చింది, స్కాన్‌లో ఏ తేడా లేదు. ఆమె ఎన్ఐపీటీ చేయించుకుని తొమ్మిదో రోజున తేలికపడింది. ఆమెను ఉమ్మనీటి పరీక్షకు తొందరపెట్టి ఉంటే నేను తప్పు చేసినదాన్నయ్యేదాన్ని.

ఎన్‌టీ 3.5 మిల్లీమీటర్లు, అంతకు మించి ఉన్నప్పుడూ, గుండెలోనో వెన్నులోనో పొట్టగోడలోనో నిర్మాణ లోపం కనిపించినప్పుడూ కథ పూర్తిగా వేరు. ఆ మందానికి కారణం మూడు క్రోమోజోములలో ఒకటే కానక్కరలేదు. ఎన్ఐపీటీ చూడని ఇతర క్రోమోజోము తేడా కావచ్చు, గుండె లోపం కావచ్చు. అలాంటప్పుడు ఎన్ఐపీటీలో లో రిస్క్ అని రావడం ఊరట కాదు, ఊరట అనిపించే ఆలస్యం. నేరుగా నిర్ధారణ పరీక్షకు వెళ్ళడం, మైక్రోఅర్రే గురించి అడగడం, తగిన వారాలలో బిడ్డ గుండెకు ప్రత్యేకమైన ఎకో చేయించడం అవసరం.

నాది ఈ రెండింటికీ నడుమ పడిన పరిస్థితి. ఎన్‌టీ 3.2, అంకె 1:46. రెండు దారులూ సరైనవేనని డాక్టర్ చెప్పారు. పదమూడో వారంలో ఉన్నాను, ఉమ్మనీటి పరీక్షకు ఇంకా రెండు వారాలకు పైగా ఉంది, ఆ ఖాళీలో ఎన్ఐపీటీ చేయించుకుంటే పోయేదేముందని ఇంట్లోవాళ్ళు అన్నారు, అది నిజంగా ఆలోచించదగిన మాటే. కానీ లో రిస్క్ అని వచ్చినా 3.2 అనే కొలత నా మనసులో నుంచి పోదని, హై రిస్క్ అని వస్తే సూది ఎలాగూ తప్పదని, ఏ ఫలితమూ రాకపోతే మరీ నలిగిపోతానని నాకు నేను తెలిసినంతమేరకు తెలుసు. పదహారో వారంలో నీరు తీయించుకున్నాను. క్రోమోజోములలో తేడా ఏమీ లేదని తేలింది. అయితే జవాబు మంచిదైనందుకు నా ఎంపిక మంచిదైందని అనుకోవడం లేదు. మా బంధువులలో ఒకామెకు అదే పరీక్షలో డౌన్ సిండ్రోమ్ నిర్ధారణ అయింది. ఆ దంపతులు గర్భాన్ని కొనసాగించారు. గుండె లోపం ఉందని ఎకోలో ముందే తెలిసినందువల్ల పసిపిల్లల గుండె వైద్యం ఉన్న ఆసుపత్రిలోనే కాన్పు ఏర్పాటు చేసుకోగలిగారు. కొనసాగించకూడదనుకున్న దంపతులకైనా, చట్టం అనుమతించే గడువులోపల, తొందరపాటు లేకుండా ఆలోచించుకునే రోజులు మిగలాలి. ఏ దారికైనా చివరి జవాబు త్వరగా అందడమే పనికి వస్తుంది, నా మొగ్గు అటువైపు ఉండడానికి కారణం అదే.

ఉమ్మనీటి పరీక్ష సమస్తమూ చెప్పదన్నది కూడా దాచకూడదు. డౌన్ సిండ్రోమ్ ఉందో లేదో చెబుతుంది కానీ ఆ బిడ్డ ఎంత నేర్చుకుంటుందో, ఎలా ఉంటుందో చెప్పలేదు. మైక్రోఅర్రేలో అర్థం తేల్చలేని తేడా ఒకటి బయటపడితే తల్లిదండ్రుల రక్తం కూడా పరీక్షించవలసి వచ్చి మరో ఎదురుచూపు మొదలుకావచ్చు. దాన్ని అడగాలా వద్దా అన్నది జెనెటిక్ కౌన్సెలర్‌తో ముందే మాట్లాడుకోవాలి. నెగెటివ్ రక్తగ్రూపు ఉన్నవారు యాంటీ-డి ఇంజెక్షన్ గురించి అడగడం మరచిపోకూడదు. పరీక్ష తర్వాత నీరు కారినా, రక్తం కనిపించినా, జ్వరం వచ్చినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

మిగిలిన దారులు క్లుప్తంగా చెబుతాను. మావి నుంచి ముక్క తీసే సీవీఎస్‌ను పదకొండు నుంచి పధ్నాలుగో వారం లోపల చేయవచ్చు. త్వరగా తెలియడం దాని గొప్ప, అది చూసేదీ మావి కణాలనే కావడం, నూటికి ఒకరిద్దరిలో బిడ్డకు సంబంధించని తేడా కనిపించడం దాని లోటు. ఐదో నెలలో అవయవాలు చూసే టిఫా స్కాన్ దాకా ఆగి చూద్దామనుకోవడం సరిపోదు, డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డలలో చాలామందికి స్కాన్‌లో ఏ గుర్తూ కనిపించదు. డబుల్ మార్కర్‌ను మరో ల్యాబులో మళ్ళీ చేయించడం, లేదా దాని మీద క్వాడ్రపుల్ అనే మరో రక్త పరీక్ష చేయించడం వల్ల రెండో అంకె వస్తుందే తప్ప మొదటిది చెరిగిపోదు. ఏమీ చేయించుకోకుండా ఉండడం కూడా ఒక దారే. ఏ జవాబు వచ్చినా తమ నిర్ణయం మారదని, ముందుగా తెలియకపోయినా ఫరవాలేదని నిజంగా అనుకునే దంపతులను ఎవరూ బలవంతపెట్టకూడదు.

పాప్-ఏ బాగా తక్కువగా ఉన్నవారు మాత్రం, క్రోమోజోముల జవాబు మంచిదే వచ్చినా, బిడ్డ ఎదుగుదల స్కాన్‌లను వదలకూడదు. మావి పనితీరు తక్కువగా ఉండడం వల్ల కూడా ఆ కొలత తగ్గవచ్చు.

ఎంచుకున్నది ఏదైనా, నమూనా ఇచ్చే ముందే మూడు విషయాలు అడిగి పెట్టుకోవాలి: జవాబు ఏ రోజు వస్తుంది, ఎవరు చెబుతారు, ఫోన్‌లో చెబుతారా రమ్మంటారా? ఆ మూడూ తెలియకపోతే మోగిన ప్రతి ఫోనూ గుండెను పట్టుకుంటుంది. తొలి జవాబుకు లెక్కపెట్టేవి పని దినాలు కనుక వారం చివర నీరు తీయించుకుంటే సెలవు రోజులు కూడా ఎదురుచూపులో కలిసిపోతాయి. నేను సోమవారం కావాలని అడిగాను, ఇచ్చారు. ఫోన్ నా భర్త ఎత్తాలని, ఆయన ఇంట్లో ఉండగానే చేయాలని ఆసుపత్రివారికి రాసి ఇచ్చాను. ఆ రాత్రులు నెట్‌లో వెతకనని ఇద్దరం ఒకరికొకరు మాట ఇచ్చుకున్నాం. గురువారం ఉదయం పదకొండింటికి ఫోన్ వచ్చింది.