సెన్‌హైజర్ హెచ్‌డీ 800 ఎస్: మొదటి మూడు వారాలు, దానికి యాంప్ వెతుకులాట

హెడ్‌ఫోన్ బాగుందా లేదా అన్నది పది నిమిషాల్లో తేలిపోయింది. దానికి ఏ యాంప్ (శబ్దం పెంచే యాంప్లిఫయర్) పెట్టాలో తేల్చుకోవడానికే మూడు వారాలు పట్టింది. అందులో సగం అనవసరపు టెన్షనే అని ఇప్పుడు అర్థమైంది కాబట్టి, నాలాగా జీతంలోంచి నెలనెలా పక్కకు పెట్టి కొనేవాళ్లకు పనికొస్తుందని మొత్తం రాస్తున్నాను.

హైదరాబాద్‌లో ఒక షాపులో గంటన్నర కూర్చుని విని, అక్కడే కొని, ఆ పెద్ద పెట్టె ఒళ్లో పెట్టుకుని సాయంత్రం రైల్లో కాజీపేటలో దిగాను. బిల్లు కొడుతూ షాపులో అబ్బాయి "అన్నా, దీనికి ఇంకో లక్ష పెట్టి యాంప్ తీసుకోకపోతే వేస్ట్, 300 ఓమ్స్ అన్నా ఇది, మామూలువి దీన్ని లాగలేవు" అన్నాడు. (ఓమ్స్ అంటే హెడ్‌ఫోన్ కరెంటుకు ఇచ్చే అడ్డు, దాన్నే ఇంపెడెన్స్ అంటారు.) భువనగిరి, ఆలేరు, జనగామ దాటినా ఆ మాటే చెవిలో తిరుగుతూ ఉంది. లక్ష పైన పోసి కొన్న వస్తువు ఇంటికి పోయాక సగమే పనిచేస్తుందంటే ఎవరికైనా ఎట్లా ఉంటుంది?

ముందు హెడ్‌ఫోన్ సంగతి. అసలు హెచ్‌డీ 800 వచ్చింది 2009లో, దాన్ని సరిచేసిన ఈ 'ఎస్' మోడల్ 2016లో. పాతదానిలో 6 కిలోహెర్ట్జ్ దగ్గర చెవిలో గుచ్చినట్టు ఒక పోటు ఉండేది, దాన్ని మింగేలా ఎస్‌లో ఒక చిన్న అబ్జార్బర్ పెట్టారు. లోపల 56 మిల్లీమీటర్ల రింగ్ ఆకారపు డ్రైవర్ (శబ్దం పుట్టించే భాగం), అది చెవికి ఆనుకుని కాకుండా కాస్త ముందుకు, ఏటవాలుగా, దూరంగా ఉంటుంది. కేబుల్ వదిలేస్తే బరువు 330 గ్రాములు. తలకు పెట్టుకుంటే కప్పులు చెవిని ఎక్కడా తాకవు, చెవి చుట్టూ ఒక చిన్న గది కట్టినట్టు ఉంటుంది. రెండు గంటలు పెట్టుకున్నా మాడు నొప్పి లేదు. మన ఎండాకాలానికి ప్యాడ్‌ల కింద చెమట మాత్రం తప్పదు, నేను అరగంటకోసారి తీసి గుడ్డతో తుడుస్తున్నాను.

నేను మొదట విన్నది సినిమా పాట కాదు. పోయిన సద్దుల బతుకమ్మకు హనుమకొండ పద్మాక్షి గుండం దగ్గర, మా వాడకట్టు ఆడవాళ్లు బతుకమ్మలు పెట్టి ఆడుతుంటే, పువ్వుల పక్కనే నడిమిట్లో చిన్న స్టీరియో రికార్డర్ పెట్టి నలభై నిమిషాలు రికార్డు చేశాను. మామూలు ఇయర్‌ఫోన్లలో అది చప్పట్ల గోల, దాని మీద ఎక్కడినుంచో 'ఉయ్యాలో' అనే గుంపు గొంతు, అంతే. దీనిలో మొదటి నిమిషంలోనే వలయం కనబడింది. ఒక్కొక్క జత చేతులు ఎడమ నుంచి ముందుకు వచ్చి కుడికి వెళ్లిపోతున్నాయి, ప్రతి చప్పట్ల జతకీ ఒక దూరం ఉంది, ముందర పాడే పెద్దావిడ గొంతు ఒక చుట్టు తిరిగి మళ్లీ నా ముందుకొచ్చే లోపల వెనకవాళ్లు అందుకోవడం స్పష్టంగా తెలుస్తోంది. అమ్మకు పెట్టి ఇచ్చాను. కాసేపు కళ్లు మూసుకుని విని, "గిది మీ పెద్దమ్మ, ఎనక మన సందిలోల్ల కోడలు, గాజుల సప్పుడు ఇనబడతలే?" అంది. గాజుల చప్పుడు అందులో ఉందన్న సంగతే నాకు అప్పటిదాకా తెలియదు.

విశాలంగా వినిపించడం అంటారే, అది ఈ హెడ్‌ఫోన్‌లో ప్రచారపు మాట కాదు. పది రోజులు విన్నాక కూడా నాకు అదే దీని ప్రాణంలా అనిపిస్తోంది. సన్నాయి కచేరీలో సన్నాయికీ డోలుకీ మధ్య ఉండే రెండు గజాల ఖాళీ వినబడుతుంది. వయొలిన్ కమాను తీగ మీద పడే ముందు వచ్చే చిన్న గరుకు చప్పుడు, మృదంగంలో ఎడమ చేతి గుమికి, రెండూ వేటికవే విడిగా ఉంటాయి.

లోపాలు కూడా గట్టివే. బాస్ ఉంది, శుభ్రంగా ఉంది, కానీ బరువు లేదు. ఒగ్గు డోలు దెబ్బ పడితే పొట్టలో తెలియాలి, దీనిలో చెవికి తెలుస్తుంది, అక్కడే ఆగిపోతుంది. ఇక క్యాసెట్ నుంచి ఎక్కించిన పాత ఫైళ్లు, తక్కువ బిట్‌రేట్ ఎంపీ3లు పెడితే 'స' అక్షరం వచ్చిన చోటల్లా ఇసుక చల్లినట్టు వినబడుతుంది. నా దగ్గర ఉన్న పాటల్లో మూడోవంతు దీనిలో వినలేను. ఈక్వలైజర్‌లో (ఈక్యూ, బాస్ లాంటి ఒక్కో భాగాన్ని విడిగా పెంచి తగ్గించేది) 100 హెర్ట్జ్ కింద 5 డెసిబెల్స్ పెంచి, 6 కిలోహెర్ట్జ్ దగ్గర 2 తగ్గించాను, అప్పుడు నాకు కుదిరింది. ఈక్యూ వాడటం తప్పు అనేవాళ్లతో నేను ఏకీభవించను, కొన్నది మన చెవి కోసం.

ఇప్పుడు యాంప్. ఇక్కడ కొంచెం లెక్క చేయాలి, కష్టమైనదేం కాదు.

కంపెనీ ఇచ్చిన లెక్క ప్రకారం ఈ హెడ్‌ఫోన్‌కి 1 వోల్టు ఇస్తే 102 డెసిబెల్స్ వస్తుంది. నేను మామూలుగా వినేది 72 డెసిబెల్స్ చుట్టూ. అంటే 30 డెసిబెల్స్ తక్కువ, అంటే 0.03 వోల్టు, వాట్లలో చెబితే ఒక మిల్లీవాటులో మూడు వందల వంతు! డోలు దెబ్బో తాళమో ఒక్కసారి 25 డెసిబెల్స్ పైకి లేచినా అర వోల్టు దాటి కొంచెం, అంతే. నేను వాడే రెండు వేల లోపు టైప్-సీ డాంగిల్ (ఫోన్‌కు హెడ్‌ఫోన్ తగిలించే చిన్న అడాప్టర్) 1 వోల్టు ఇస్తుంది. షాపతను చెప్పిన "లాగలేదు" అన్న మాట, మామూలు పాటల వరకూ, కాగితం మీదే తప్పు.

300 ఓమ్‌లు అనగానే భయపడతాం గానీ, ఓమ్‌లు ఎక్కువంటే అడిగేది వోల్టేజీ, కరెంటు కాదు. నా పాత హెడ్‌ఫోన్ హైఫైమ్యాన్ సుందర, ప్లేనార్ రకం (డ్రైవర్‌లో పల్చటి చదునైన పొర ఉండేది), 37 ఓమ్‌లు, 1 మిల్లీవాటుకు 94 డెసిబెల్స్. పైన చెప్పిన గట్టి దెబ్బ స్థాయికి, అంటే 72కి 25 కలిపి 97 డెసిబెల్స్ శబ్దానికి సుందరకు వోల్టేజీ సగం చాలు, కరెంటు మాత్రం దాదాపు నాలుగు రెట్లు కావాలి. కాబట్టి 'పవర్‌ఫుల్ యాంప్' అని ఊరికే అంటే కుదరదు, దేనికి పవర్‌ఫుల్ అని అడగాలి.

మరి డాంగిల్‌తో ఆగిపోవచ్చు కదా? నేనూ అదే అనుకున్నా, వారం రోజులు అట్లాగే విన్నా. చిక్కంతా ఆ బతుకమ్మ రికార్డింగ్‌తోనే వచ్చింది. పక్కనుంచి ఎవరో రెండు మూడుసార్లు డప్పు మీద గట్టిగా కొట్టారు, ఆ దెబ్బలు రికార్డర్ హద్దు దాకా వెళ్లాయి, గొంతులేమో దానికి 32 డెసిబెల్స్ కింద ఉన్నాయి. దెబ్బలు చెడకుండా ఫైల్ వాల్యూమ్ పెంచడానికి చోటు లేదు. పైగా నా ఈక్యూలో బాస్ పెంచినందుకు మొత్తం సిగ్నల్‌ని 6 డెసిబెల్స్ తగ్గించుకోవాలి. 102లోంచి ఆ 32, ఈ 6 తీసేస్తే డాంగిల్ ఫుల్ వాల్యూమ్‌లో గొంతులు 64 దగ్గర ఆగాయి. ఇది ఓపెన్ బ్యాక్ (కప్పులు వెనక వైపు తెరిచి ఉండే రకం), గదిలో ఫ్యాన్ తిరుగుతుంటే ఫ్యాన్ కూడా పాటలో కలుస్తుంది. ఇంకో 10 డెసిబెల్స్ కావాలి, అంటే 3 వోల్టుల పైన. నాకు యాంప్ అవసరం అయింది ఇందుకు, అంతే.

రెండు ప్రయత్నించాను. ఒకటి ఫియో కే7, డ్యాక్ (డిజిటల్ ఫైల్‌ని సిగ్నల్‌గా మార్చేది), యాంప్ ఒకే డబ్బాలో, సెకండ్‌హ్యాండ్‌లో పదహారు వేలకు దొరికింది. బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్‌లో (రెండు చెవులకూ పూర్తిగా విడివిడి వైర్లుండేది) 300 ఓమ్‌లకు 560 మిల్లీవాట్లు అని రాశారు, అంటే దాదాపు 13 వోల్టులు, నాకు కావలసినదానికి నాలుగు రెట్లు. రెండోది అమెరికా నుంచి వచ్చిన మా బావ స్వయంగా సోల్డర్ చేసుకున్న బాటిల్‌హెడ్ క్రాక్ కిట్, వాల్వ్ యాంప్ (గాజు ట్యూబులతో నడిచేది), అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లేని రకం. నెల రోజులకని ఇచ్చాడు. "వాల్వ్ మీద విన్నాక నువ్వు తిరిగియ్యవు చూడు" అని పందెం కూడా వేశాడు.

పోల్చేముందు ఒక పని తప్పకుండా చేయండి, వాల్యూమ్ సమానం చేయండి. అర డెసిబెల్ ఎక్కువున్నదే చెవికి మంచిదిగా వినబడుతుంది, మోసం అంతా అక్కడే జరుగుతుంది. హెడ్‌ఫోన్ తగిలించి ఉండగానే స్ప్లిటర్ పెట్టి మల్టీమీటర్‌తో ఏసీ వోల్టేజీ చూశాను. మన మామూలు మీటర్లు ఇంటి కరెంటు 50 హెర్ట్జ్ కోసం చేసినవి, 1000 హెర్ట్జ్ టోన్ పెడితే తప్పు చూపించే అవకాశం ఉంది, అందుకే 300 హెర్ట్జ్ టోన్ పెట్టి ఒక శాతం లోపల సమానం చేశాను. తమ్ముడు వెనక నుంచి మారుస్తూ ఉంటే నేను గోడ వైపు తిరిగి విన్నాను.

డాంగిల్‌కీ కే7కీ తేడా, డాంగిల్‌కి అందే వాల్యూమ్‌లో, నేను కనిపెట్టలేకపోయాను. ఇరవైసార్లలో పదకొండు సరిగ్గా చెప్పాను, నాణెం ఎగరేసినా అంతే వస్తుంది. హెడ్‌ఫోన్ పెట్టెలో 6.3 మిల్లీమీటర్ల కేబుల్‌తో పాటు 4.4 బ్యాలెన్స్‌డ్ కేబుల్ కూడా ఇచ్చారు, వాల్యూమ్ సమానం చేస్తే ఆ రెండింటికీ కూడా తేడా తెలియలేదు. కానీ వాల్యూమ్ పెంచాల్సిన చోట, అంటే ఆ రికార్డింగ్‌లో, డాంగిల్ ఆగిపోయిన దగ్గర కే7 హాయిగా పైకి వెళ్లింది, నాబ్ సగం కూడా తిప్పలేదు. పెద్దమ్మ గొంతు ఫ్యాన్ శబ్దం మీదికి లేచింది.

క్రాక్ మాత్రం నిజంగా వేరేగా వినబడింది, నేను పదిసార్లలో తొమ్మిదిసార్లు గుర్తుపట్టాను. కారణం మాయ కాదు. ఈ హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్ అన్ని చోట్లా 300 ఉండదు, 100 హెర్ట్జ్ దగ్గర రెట్టింపు దాకా లేస్తుంది. క్రాక్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ (యాంప్ తన వైపు నుంచి ఇచ్చే అడ్డు) 120 ఓమ్‌ల చుట్టూ, రెండూ కలిస్తే ఆ బాస్ ప్రాంతం మిగతాదానికంటే ఒక డెసిబెల్ పెరుగుతుంది. దానికి వాల్వ్‌ల సొంత మెత్తదనం కొంచెం తోడవుతుంది. ఆడవాళ్ల గొంతులకు అది ఎంత బాగా కుదిరిందో మాటల్లో పెట్టలేను, ఆ సన్నని గరుకు పోయి కంఠం నిండుగా వచ్చింది. డోలుకు కూడా కొంచెం బరువు వచ్చింది. సుందర మీద ఇదే యాంప్ పెడితే పని జరగలేదు, ప్లేనార్‌కి ఇంపెడెన్స్ అంతటా ఒకేలా ఉంటుంది కాబట్టి ఆ బాస్ పెరుగుదల రాదు, అది అడిగే కరెంటు ఈ యాంప్ ఇవ్వలేదు, గట్టి దెబ్బల దగ్గర శబ్దం నలిగిపోయింది.

వాల్వ్ యాంప్ తగిలించగానే గుయ్యిమని హమ్ కూడా మొదలైంది. మా బావ 120 వోల్టులకు వైరింగ్ చేశాడు కాబట్టి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ మీద నడపాలి, మొదట దాన్ని అనుమానించాను. దూరం జరిపినా పోలేదు. నాబ్ మీద చెయ్యి పెడితే తగ్గుతుంది, తీస్తే పెరుగుతుంది. చివరికి ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే మా ఇంట్లో మూడు పిన్నుల సాకెట్లు ఉన్నాయి గానీ ఎర్త్ వైరు దేనికీ కలపలేదని తేలింది, ఇల్లు కట్టినప్పటినుంచీ అంతే. ఇంటి వెనక గుంత తవ్వి, పైపు దింపి, ఉప్పు, బొగ్గు పోసి ఎర్త్ చేయించాను. హమ్ పోయింది, ల్యాప్‌టాప్ ముట్టుకుంటే వేళ్లకు జివ్వుమనేది కూడా పోయింది. ఖరీదైన కేబుళ్ల మీద డబ్బు పెట్టాలనుకునేవాళ్లు ముందు ఇంటి ఎర్తింగ్ చూపించుకోండి, ఇది ప్రాణాలకు సంబంధించిన విషయం కూడా.

నేను కే7 ఉంచుకున్నాను. క్రాక్ ధ్వని ఎక్కువ నచ్చినా ఉంచుకోలేను. అందులో 6080 వాల్వ్ హీటర్ ఒక్కటే 16 వాట్లు తింటుంది, ఈ ఎండల్లో హనుమకొండలో మేడ మీద గదిలో బల్ల పక్కన పొయ్యి పెట్టుకున్నట్టు ఉంది. వాల్వ్‌లు వేడెక్కేదాకా ఆగాలి, ఆ లోపు కరెంటు పోతే మళ్లీ మొదటికొస్తుంది. ఆ ఒక డెసిబెల్ బాస్‌ని ఈక్యూలో పెట్టుకున్నా, ముప్పాతిక వంతు ఆ రుచి వచ్చింది. మిగతా పావు వంతు రాలేదు, నిజమే, అది నాకు ఇంకా గుర్తొస్తూనే ఉంది.

ఈ హెడ్‌ఫోన్ కొనేవాళ్లు మామూలు వాల్యూమ్‌లో మంచి రికార్డింగులే వింటే డాంగిల్‌తో మొదలుపెట్టండి, నెల విన్నాక అవసరమైతే చూద్దాం అనుకోండి. ఈక్యూ వాడితే, మెల్లగా రికార్డయిన కచేరీలు వింటే, 3, 4 వోల్టులు ఇచ్చి, అవుట్‌పుట్ ఇంపెడెన్స్ కొద్ది ఓమ్‌లు మాత్రమే ఉన్న ఏ యాంప్ అయినా సరిపోతుంది. లక్ష యాంప్ గురించి ఎవరైనా చెబితే మల్టీమీటర్ పెట్టి సమానం చేసి వినిపించమని అడగండి. వాల్వ్ అయితే రుచి కోసం కొనండి, పవర్ కోసం కాదు.

క్రాక్‌ని ఆదివారం బావకు ఇచ్చేస్తున్నాను. పందెం గెలిచానంటే ఒప్పుకోవడం లేదు, డిసెంబర్‌లో చలి పడ్డాక మళ్లీ తీసుకుపొమ్మంటున్నాడు, తీసుకుపోతాను కూడా. అమ్మ మాత్రం రోజూ సాయంత్రం సీరియల్ ముందు పది నిమిషాలు ఆ రికార్డింగ్ వింటోంది, నిన్న ఇంకో ఇద్దరి గాజుల్ని గుర్తుపట్టింది.