మొదటిసారి కన్సోల్‌ని చిన్నది చేయాలంటే: వీ, ఎన్64, రాస్ప్‌బెరీ పై... ఏది మేలు?

టీవీకి తగిలించి ఆడే పాత గేమ్ కన్సోల్‌ని విప్పి, లోపలి సర్క్యూట్ బోర్డుని కోసి, చిన్న డబ్బాలో ఇమడ్చడం కొందరికి సరదా. అందులో మొదటి ప్రాజెక్టుకి ఏ కన్సోల్ మంచిదని అడిగేవాళ్లు ఎక్కువగా ఏది బాగా చిన్నదవుతుందనే చూస్తారు. నేనైతే ముందు ఇంకోటి అడుగుతాను. సగం పని అయ్యాక స్క్రీన్ నల్లగా ఉండిపోతే, తప్పు ఎక్కడుందో మీరు కనిపెట్టగలరా? కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ఎక్కడ చెడిందో తెలియక అన్నీ అట్టపెట్టెలో పడేసి వదిలేయడం చాలాసార్లు చూశాను. అందుకే ఈ పోలికంతా ఆ ఒక్క కొలతతోనే.

బోర్డు కోయనవసరమే లేని దారితో మొదలుపెడదాం. రాస్ప్‌బెరీ పై జీరో 2 డబ్ల్యూ అనే చిన్న కంప్యూటర్ 2021లో వచ్చింది. పొడవు 65 మిల్లీమీటర్లు, వెడల్పు 30. దాని మీద పాత కన్సోళ్ల గేములు నడిపే రెట్రోపై లాంటి సాఫ్ట్‌వేర్ ఎక్కించి, చేతిలో పట్టుకుని ఆడే పాత గేమ్‌బాయ్ ఆకారంలో ఉండే డబ్బాలో స్క్రీన్, బటన్లు, బ్యాటరీతో సహా సర్దేస్తే ఆడుకోవడానికి సిద్ధం. 8 బిట్, 16 బిట్ కాలపు గేములు హాయిగా నడుస్తాయి. నింటెండో 64 (ఎన్64) గేములు మాత్రం ఒకటి నడిస్తే ఇంకోటి నత్తనడక. ఏదైనా తేడా వస్తే మెమరీ కార్డు చెరిపి మళ్లీ రాసుకోవడమే, టెన్షన్ లేదు. ఆడుకోవడమే మీ కోరికైతే ఇక్కడితో చదవడం ఆపేసినా నష్టం లేదు. కాకపోతే ఇది కన్సోల్‌ని చిన్నది చేయడం కాదు, కన్సోల్‌లా నటించే కంప్యూటర్‌ని డబ్బాలో పెట్టడం. ఆ తేడా పట్టనివాళ్లు అదృష్టవంతులు. నాకు పడుతుంది.

అసలు కన్సోల్‌నే విప్పాలనుకుంటే చాలామంది నింటెండో 64 వైపు చూస్తారు, కారణం లేకపోలేదు. 1996 నాటి యంత్రం, లోపల పెద్ద చిక్కులు లేవు. అడాప్టర్ ఇచ్చేది రెండే వోల్టేజీలు, 3.3, 12. కంట్రోలర్‌కి మూడే తీగలు: ఒకటి కరెంటు, ఒకటి గ్రౌండ్, ఒకటి డేటా. కంట్రోలర్ బోర్డుని డబ్బా లోపలికి తెచ్చి ఆ మూడూ అతికించాక బటన్లు పనిచేయడం చూస్తే, మొదటిసారి చేసేవాళ్లకి కొండెక్కినంత సంతోషం.

చిక్కంతా కార్ట్రిడ్జ్ దగ్గర, అంటే గేమ్ ఉండే ప్లాస్టిక్ బిళ్ల దగ్గర. బోర్డు మధ్యలో నిలువుగా ఉన్న ఆ స్లాట్‌ని పీకి వెనక్కి పడుకోబెడితే తప్ప మందం తగ్గదు. అంటే బోర్డుకి అతికి ఉన్న 50 కాళ్లు (పిన్నులు) వదిలించి, తీగలు వేసి, మళ్లీ 50 అతకాలి. అందులో ఒక్క అతుకు సరిగా పడకపోయినా గేమ్ అసలు మొదలుకాకపోవచ్చు, లేదా పది నిమిషాలు నడిచి కదలకుండా ఆగిపోవచ్చు. రెండోది ఇంకా ఘోరం. తీగలు పొడవైనందుకా, అతుకు చల్లారినప్పుడు చిట్లిందా, వేడి ఎక్కువైందా అని వెతకాల్సిన చోట్లు పెరిగిపోతాయి. పైగా ఇంత చేసినా బోర్డు పెద్దగా తగ్గదు, అంచులు కాస్త కోయగలమంతే. మొదటి ప్రాజెక్టుగా నేను ఎన్64ని చెప్పను.

ప్లేస్టేషన్ 2 స్లిమ్ గురించి రెండు ముక్కలు. 2004లో వచ్చిన ఈ మోడల్ 8.5 వోల్ట్లతో నడుస్తుంది, విప్పకముందే సన్నగా ఉంటుంది. డిస్క్ లేకుండా యూఎస్‌బీ నుంచి గేములు నడపొచ్చు గానీ, అది నెమ్మదిగా నడిచే పాత 1.1 రకం కాబట్టి మధ్యలో వచ్చే వీడియోలు ఆగి ఆగి నడుస్తాయి. రెండో ప్రాజెక్టుకి ఉంచుకోండి.

ఇక నింటెండో వారి వీ (Wii). 2006లో వచ్చిన ఈ కన్సోల్ ప్రాసెసర్ వేగం 729 మెగాహెర్ట్జ్. ముందటి తరం గేమ్‌క్యూబ్ గేములు కూడా దీని మీద ఎమ్యులేషన్ (సాఫ్ట్‌వేర్‌తో ఇంకో యంత్రంలా నటించడం) లేకుండానే నడుస్తాయి. కొత్తవాళ్లకి దీని పెద్ద సుగుణం వేరే: సగం పని స్క్రూడ్రైవర్ పట్టకముందే అయిపోతుంది. సొంతంగా రాసుకున్న ప్రోగ్రాములు నడపనిచ్చే హోంబ్రూ ఛానెల్ ఎక్కించడం, బూట్‌మీ అనే ప్రోగ్రాముతో లోపలి మెమరీకి బ్యాకప్ తీసుకోవడం, పెన్‌డ్రైవ్ నుంచి గేములు నడిచేలా, ఆన్ చేయగానే నేరుగా మెనూకి వెళ్లేలా సర్దడం, ఇవన్నీ కన్సోల్ నిండుగా ఉన్నప్పుడే చేసేస్తారు. తర్వాత డిస్క్ డ్రైవ్ పీకి ఆన్ చేసి చూస్తారు. ఇంకో భాగం తీసి మళ్లీ చూస్తారు. ఏది తీశాక ఆగిపోయిందో అప్పటికప్పుడే తెలుస్తుంది. నేను మొదట అడిగిన ప్రశ్నకి ఇంత బాగా జవాబిచ్చే కన్సోల్ నాకు ఇంకోటి కనపడలేదు.

అయితే కోత కోతే. అసలు బోర్డు అడాప్టర్ ఇచ్చే 12 వోల్ట్లని తీసుకుని లోపల తనకు కావలసినట్టు విడగొట్టుకుంటుంది. ఆ విడగొట్టే భాగాన్ని మనం కోసేస్తాం. అందుకని 1, 1.15, 1.8, 3.3 వోల్ట్లు విడివిడిగా బయటి నుంచి ఇవ్వాలి. 1 వోల్ట్ రావలసిన చోట 3.3 వెళ్తే బోర్డు మీద ఆశ వదులుకోవడమే. బోర్డులో రాగి పొరలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి కాబట్టి, కోసిన అంచున అవి ఒకదానికొకటి తగలకుండా సన్న ఉప్పుకాగితంతో తడిపి రుద్దాలి. తడపడం ఎందుకంటే ఆ పొడి గాజు పీచు, ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. మాస్కు కూడా తప్పనిసరి.

నా మొదటి బోర్డు దగ్గర జరిగింది చెబుతాను. కోసి, రుద్ది, మల్టీమీటర్ పెడితే 1 వోల్ట్ లైనుకీ గ్రౌండ్‌కీ మధ్య నిరోధం (కరెంటుకి అడ్డు) కొన్ని ఓమ్‌లే చూపించింది. షార్ట్ అయిందనుకుని రెండు సాయంత్రాలు అంచు రుద్దుతూనే ఉన్నాను. కొలత మారలేదు. చివరికి విసుగొచ్చి, కోయని ఇంకో బోర్డు మీద అదే చోట కొలిస్తే అదే అంకె! ఆ లైను మామూలుగానే అలా ఉంటుంది, పెద్ద చిప్ ఎక్కువ కరెంటు తాగుతుంది కాబట్టి. అందుకే వీ తీసుకుంటే రెండు తీసుకోమంటాను. ఒకటి కోయడానికి, ఒకటి కొలిచి పోల్చుకోవడానికి. చెడిపోయి పడి ఉన్నదైనా ఫర్వాలేదు, దాని లోపం ఈ లైన్లలో కాకపోతే చాలు.

వీ అని తేల్చుకున్నా ఇంకో ఎంపిక మిగులుతుంది. చేతిలో పట్టుకుని ఆడేదా, టీవీకి తగిలించే బుల్లి పెట్టెనా? అందరికీ మొదటిదే కావాలి. నా ఓటు రెండోదానికి. చేతిలోదంటే కోతకి తోడు స్క్రీన్, స్పీకర్లు, బటన్లు, పైగా బ్యాటరీ. 18650 అనే లిథియం సెల్ నిండా ఉంటే 4.2 వోల్ట్లు, మరీ కిందికి దిగితే పాడవుతుంది. రక్షణ సర్క్యూట్ లేకుండా తగిలించినా, సోల్డరింగ్ ఐరన్‌తో నేరుగా సెల్ మీదే అతికినా నిప్పుతో ఆటే. ఇంతా చేసి, మొత్తం యంత్రం 10 వాట్లు తింటుందనుకుంటే, 3000 ఎంఏహెచ్ సెల్స్ రెండు కలిసి ఇచ్చేది రెండు గంటల ఆట. బుల్లి పెట్టెకైతే బ్యాటరీ బదులు అసలు అడాప్టరే చాలు. అదే కోసిన బోర్డుని తర్వాత బయటికి తీసి చేతిలో పట్టే డబ్బాలోకి మార్చుకోవచ్చు, చేసిన పని వృథా కాదు. వేడి సంగతి మాత్రం రెండింటికీ ఒకటే, వేడిని లాగే చిన్న లోహపు ముక్క (హీట్‌సింక్), దాని మీద ఫ్యాన్ ఉండాల్సిందే.

కొనేటప్పుడు కింద ఉన్న మోడల్ నంబరు చూడండి. ఆర్‌వీఎల్-001 అయితే గేమ్‌క్యూబ్ కంట్రోలర్ పోర్టులు ఉంటాయి, లోపల బటన్లు తగిలించుకోవడానికి అదే సులువైన దారి. 2011లో వచ్చిన ఆర్‌వీఎల్-101లో ఆ పోర్టులు తీసేశారు. వీ మినీ జోలికి వెళ్లనే వద్దు, దానికి ఎస్‌డీ కార్డు స్లాట్ కూడా లేదు. ఇంటికి తెచ్చాక విప్పే ముందు ఒక గంటైనా ఆడి చూడండి, స్క్రీన్ మీద చుక్కలో గీతలో కనిపిస్తే అది కొలతలకి పనికొచ్చే బోర్డు, కోతకి కాదు.