వికీ సమావేశాలు, వికీ వార్తలు: ఏళ్ల తరబడి వాడిన వాడుకరి సమీక్ష

ఫోను కొనాలంటే నాలుగు సమీక్షలు చదివి గానీ కొనం. ఒక ఆదివారం పూర్తిగా ఇచ్చేయమని అడిగే వికీ సమావేశానికి మాత్రం ఎవరూ సమీక్ష రాయరు. తెలుగు వికీపీడియాలో చాలా ఏళ్లుగా రాస్తున్న వాడుకరిగా ఆ లోటు కొంతైనా తీర్చాలని ఇది రాస్తున్నాను. ఇన్నేళ్లలో నేను క్రమం తప్పకుండా వాడినవి రెండు. ఒకటి స్థానికంగా జరిగే ముఖాముఖి సమావేశాలు, రెండోది సముదాయం తన కోసం తాను రాసుకునే వార్తలు. వీటికి ఒకదానితో ఒకటి సంబంధం లేదని చాలామంది అనుకుంటారు. నా అనుభవంలో ఒకటి లేకపోతే రెండోది కుంటుతుంది. గదిలో జరిగినదాన్ని వికీలో రాసిపెట్టినప్పుడే ఆ సమావేశం జరిగినట్టు లెక్క అన్నది నా అభిప్రాయం.

వికీపీడియా 2001 జనవరి 15న మొదలైంది. అందులో రాసేవాళ్లు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్న తొలి సమావేశం 2003 అక్టోబరులో జర్మనీలోని మ్యూనిక్‌లో జరిగింది. ఆ ఏడాది డిసెంబరులోనే తెలుగు వికీపీడియా పుట్టింది. ప్రపంచం నలుమూలల వాళ్లు కలిసే వికీమేనియా 2005లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో మొదలై, కోవిడ్ కాలంలో ఆన్‌లైన్‌కు మారి, 2023లో సింగపూర్‌కు, 2024లో పోలండ్‌లోని కటోవిత్సెకు, 2025లో నైరోబీకి వెళ్లింది. అంత పెద్ద సభల గురించి కాదు నేను చెప్పబోయేది. ఒక బల్ల, నాలుగైదు ల్యాప్‌టాప్‌లు, కొన్ని పుస్తకాలు, ఒక మోస్తరు ఇంటర్నెట్ ఉంటే జరిగిపోయే చిన్న సమావేశాలే నా విషయం. వికీని ఏడాది పొడవునా నడిపేవి అవే.

ఈ చిన్న సమావేశాల్లో అన్నిటికంటే బాగా జరిగేది కొత్తవాళ్లకు చేయూత. దీనికి సాటి వచ్చేది మరొకటి నేను చూడలేదు. ఒక సమావేశానికి నేతపని తెలిసిన పెద్దావిడ వచ్చారు. మగ్గం గురించిన వ్యాసంలో పడుగు, పేక తారుమారయ్యాయని తెర మీద చూడగానే పట్టేశారు. నిలువుగా బిగించేది పడుగు, నాడెతో అడ్డంగా నడిపేది పేక. ఆవిడ సవరించు నొక్కి, తప్పు దిద్ది, మార్పులను ప్రచురించారు. కొద్ది నిమిషాల్లోనే ఆ మార్పు రద్దయింది. ఎక్కడో కూర్చుని ఇటీవలి మార్పులు చూస్తున్న మరో వాడుకరి, మూలం ఇవ్వలేదని కారణం రాసి వెనక్కి తిప్పేశారు. ఆవిడ ముఖం చిన్నబోయింది. ఇంట్లో ఒంటరిగా ఉండి ఉంటే అక్కడితో కంప్యూటర్ మూసేసి, మళ్లీ వికీ వైపు చూసేవారు కాదేమో. పక్కనే ఉన్న పాత వాడుకరి పేజీ చరిత్ర తెరిచి, రెండు కూర్పులనూ పక్కపక్కన పెట్టి చూపించారు. రద్దు చేసినవారు రాసిన సారాంశాన్ని చదివి వినిపించి, ఇది మీ మీద కోపం కాదమ్మా, రుజువు అడుగుతున్నారు, అంతే అన్నారు. వ్యాసం గురించి మాట్లాడుకునే చర్చా పేజీలో విషయం రాసి, చివర నాలుగు టిల్డెలతో (~~~~) సంతకం ఎలా చేయాలో నేర్పారు. తర్వాత ఇద్దరూ కలిసి బల్ల మీదున్న పుస్తకాల్లో చేనేత గురించిన పుస్తకం వెతికి, పుట సంఖ్యతో సహా మూలం చేర్చారు. ఈసారి మార్పు నిలిచింది. రద్దు చేసిన వాడుకరే ఆవిడకు ధన్యవాదం పంపారు.

ఎన్ని సహాయం పేజీలు రాసినా ఈ పని జరగదు. మూలం ఎందుకు కావాలో సహాయం పేజీ చెబుతుంది. మార్పు రద్దయిన క్షణాన మనసు కుదుటపరచడానికి మాత్రం పక్కన మనిషి ఉండాలి.

ఇలాంటి పని జరగాలంటే నిర్వాహకులు ముందురోజే చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. వాటిని చూసుకోని సమావేశాలు ఇప్పటికీ జరుగుతున్నాయి. ఒకే ఐపీ అడ్రసు (ఇంటర్నెట్ కనెక్షన్‌ను గుర్తించే సంఖ్య) నుంచి ఒక రోజులో మామూలుగా ఆరు ఖాతాలకు మించి సృష్టించనివ్వరు. దుశ్చర్యలను ఆపడానికి పెట్టిన హద్దు అది, దానితో నాకు పేచీ లేదు. కానీ ముప్పై మంది విద్యార్థులను పిలిచి, అందరినీ ఒకే వైఫైలోకి ఎక్కించి, అప్పటికప్పుడు ఖాతాలు తెరవమంటే ఏడో విద్యార్థి దగ్గర పని ఆగిపోతుంది. ఆ హద్దును ఒక రోజుకు సడలించమని ముందుగా విన్నవించుకోవచ్చు. అంతకంటే తేలిక, అందరూ ఇంటి దగ్గరే ఖాతా తెరుచుకుని రావడం. మొబైల్ డేటా మీద ఆధారపడితే మరో చిక్కు ఉంది. ఒకే ఐపీని వేలమంది పంచుకునే చోట, ఎవరో చేసిన పాడుపనికి ఆ ఐపీ మీద నిరోధం పడితే, ఏ పాపమూ ఎరగని కొత్తవాళ్లకు సవరించడానికి అనుమతి లేదని ఎర్ర పెట్టె కనిపిస్తుంది. వీపీఎన్ వాడేవాళ్లదీ ఇదే పరిస్థితి. తొలిరోజే ఆ ఎర్ర పెట్టె చూసినవాళ్లు మళ్లీ రావడం నేను అరుదుగా చూశాను.

సమావేశాలు బాగా చేసే రెండో పని తగాదాలను చల్లార్చడం. చర్చా పేజీలో మాటా మాటా పెరిగి నెలల తరబడి ఎడమొహం పెడమొహంగా ఉన్న ఇద్దరు, ఎదురెదురుగా కూర్చుంటే అరగంటలో మామూలుగా మాట్లాడుకుంటారు. రాతలో కటువుగా కనిపించిన మనిషి గొంతులో ఆ కటుత్వం ఉండదు.

అయితే సమావేశాల వల్ల జరిగే అతి పెద్ద హాని కూడా ఇక్కడే మొదలవుతుంది, దీని గురించి కాస్త గట్టిగానే చెబుతాను. గదిలో ఉన్నవాళ్లు నలుగురూ ఏకాభిప్రాయానికి వస్తే అది సముదాయపు ఏకాభిప్రాయం అయిపోదు. ఒక సమావేశంలో కొన్ని మొలక వ్యాసాలను, అంటే మరీ చిన్న వ్యాసాలను, విలీనం చేయాలని అక్కడున్నవాళ్లు అనుకున్నారు. ఆలోచన చెడ్డదేమీ కాదు. కానీ సముదాయమంతా చర్చించుకునే రచ్చబండ పేజీలో ఒక్క ముక్క రాయకుండా మర్నాడే పని మొదలుపెట్టేశారు. ఆ మొలకలను వేసినవాళ్లలో కొందరు సమావేశానికి రాలేని దూరంలో ఉన్నారు. తమ వ్యాసాలు వేరే వ్యాసాలకు దారిమార్పులైపోయిన సంగతి వాళ్లకు, తాము గమనించే పేజీల్లో మార్పులు చూపే వీక్షణ జాబితా చూసుకుంటేనే తెలిసింది. తర్వాత పెద్ద చర్చ జరిగింది, పని సరిగానే ముగిసింది, కానీ వాళ్లలో ఒకరు రాయడం మానేశారు. ఎవరికీ చెడు ఉద్దేశం లేకపోయినా ఒక మంచి వాడుకరిని పోగొట్టుకున్నాం. సెలవు దొరకనివాళ్లు, పసిపిల్లలున్న తల్లులు, ప్రయాణం చేయలేని వికలాంగులు, తమ అసలు పేరు బయటపెట్టడం ఇష్టంలేనివాళ్లు, వీళ్లందరూ వికీలో సమాన హక్కుదార్లు. గదిలో అనుకున్నది ప్రతిపాదన మాత్రమే. రచ్చబండలో పెట్టి, వారం పది రోజులు ఆగి, అభ్యంతరాలు విన్నాకే అది నిర్ణయం. ఈ పద్ధతి పాటించని సమావేశాలకు వెళ్లడం నేను మానుకున్నాను.

ఇక నివేదికల సంగతి. సమావేశం జరుగుతుండగా అందరూ కలిసి రాసుకోవడానికి ఈథర్‌ప్యాడ్ చాలా అనువైనది. ఎవరు ఏ వాక్యం రాశారో రంగుల్లో తెలుస్తుంది, ఖాతా కూడా అక్కరలేదు. కానీ అది చిత్తు పుస్తకమే, శాశ్వతంగా దాచుకునే చోటు కాదు. ఆ రాత్రికల్లా అందులోని సారాన్ని సమావేశం పేజీలోకి ఎక్కించాలి. మంచి నివేదికలో ఎవరు వచ్చారు, ఏ వ్యాసాల మీద పని జరిగింది, ఏ సందేహం తేలలేదు, ఏ పనికి ఎవరు పూనుకున్నారు అన్నవి ఉంటే చాలు. స్వాగతోపన్యాసాలు, శాలువాలు, వందన సమర్పణలు తీసేస్తే సగం నివేదికల్లో ఏమీ మిగలదు. తేలని సందేహాలు రాసిపెట్టిన నివేదికలు మాత్రం ఏళ్ల తర్వాత కూడా అక్కరకొస్తాయి. పాత సమావేశాల పేజీలు తిరగేస్తే, ఈ రోజు మనం కొత్తగా మొదలుపెట్టామనుకుంటున్న చర్చ ఎప్పుడో సగం వరకు జరిగి ఆగిపోయిందని తెలుస్తుంది. అక్కడి నుంచి అందుకోవచ్చు.

అంకెల గురించి నా అభిప్రాయం అంత మంచిది కాదు. కార్యక్రమంలో ఎవరు ఎన్ని దిద్దుబాట్లు చేశారో, ఎన్ని బైట్ల రాత చేర్చారో డాష్‌బోర్డు అనే సాధనం తనంతట తానే లెక్కగట్టి ఇస్తుంది. నిర్వాహకుల శ్రమ బాగా తగ్గుతుంది, కాదనను. కానీ బహుమతికి ఆ అంకెలే కొలత అయినప్పుడు పోటీ దారి తప్పుతుంది. యంత్రానువాదాన్ని ఉన్నదున్నట్టు దించేసిన వ్యాసం వెయ్యి బైట్లూ తెచ్చిపెడుతుంది, తర్వాత మరొకరికి వారం పాటు శుద్ధి చేసే పనీ తెచ్చిపెడుతుంది. అందుకే అందరూ కలిసి ఒకేసారి వ్యాసాలు రాసే ఎడిటథాన్ల కంటే ఫొటోల పోటీలంటే నాకు గురి ఎక్కువ. 2010లో నెదర్లాండ్స్‌లో మొదలై, మరుసటి ఏడాది యూరప్ అంతటికీ, 2012లో ప్రపంచానికీ పాకిన వికీ లవ్స్ మాన్యుమెంట్స్ అందుకు మంచి ఉదాహరణ. కట్టడం దగ్గరికి వెళ్లి తీసిన ఫొటో, ఎవరైనా వాడుకోనిచ్చే స్వేచ్ఛా లైసెన్సుతో, వికీలన్నిటి ఉమ్మడి ఫొటోల భాండాగారమైన కామన్స్‌లోకి ఎక్కితే ఏ భాషా వికీ అయినా వాడుకుంటుంది.

వార్తల విషయానికొస్తే, నేను ఒక్క వారం కూడా వదలకుండా చదివేది టెక్ న్యూస్. 2013లో మొదలైన ఈ వారపత్రిక కోరినవాళ్ల చర్చా పేజీకీ, వికీల రచ్చబండలకూ తనంతట తాను చేరుతుంది. ఈ వారం సాఫ్ట్‌వేర్‌లో ఏం మారింది, వచ్చే వారం ఏం మారబోతోంది అన్నది రెండు నిమిషాల్లో చదివేయవచ్చు. అలవాటైన బొత్తం ఉన్నట్టుండి మాయమైతే రచ్చబండలో గగ్గోలు పుడుతుంది. టెక్ న్యూస్ చదివేవాళ్లకు ఆ సంగతి ముందే తెలిసి ఉంటుంది. ఖాతా లేనివాళ్లు మార్పు చేస్తే ఐపీ అడ్రసుకు బదులు తాత్కాలిక ఖాతా పేరు కనిపించే పద్ధతి గురించి కూడా నేను ముందుగా తెలుసుకున్నది అందులోనే. దీన్ని తెలుగులోకి అనువదించే పని ఎవరైనా చేపట్టవచ్చు, వాక్యాలు పొట్టిగా ఉంటాయి. తెలుగు వచ్చి, వికీకి ఏం చేయాలో తోచని వాళ్లందరికీ నేను మొదట చెప్పే పని ఇదే.

వికీ వాడుకరులే నడిపే సైన్‌పోస్ట్ పత్రిక 2005 జనవరి నుంచి వస్తోంది. స్వచ్ఛందంగా రాసేవాళ్లు తమ సముదాయాన్ని తామే ప్రశ్నించుకోవడం అంత నిలకడగా మరోచోట నేను చదవలేదు. కాకపోతే దాని చూపు ఎక్కువగా ఇంగ్లీషు వికీపీడియా మీదే ఉంటుంది. వికీపీడియా వెనకున్న సంస్థ వికీమీడియా ఫౌండేషన్ నడిపే డిఫ్ బ్లాగులో చిన్న సముదాయాల కథనాలు ఎక్కువ, ఎవరైనా రాసి పంపవచ్చు. అయితే జరిగిన కార్యక్రమాన్ని పొగడటమే తప్ప, ఏది కుదరలేదో చెప్పే కథనాలు అక్కడ తక్కువే. మ్యూజియాలు, గ్రంథాలయాలతో కలిసి పనిచేసేవాళ్లకు నెలనెలా వచ్చే గ్లామ్ వార్తాలేఖ చాలు.

ఫోనులోని చాట్ గుంపుల్లో కబురు అందరికంటే ముందు వస్తుంది. అత్యవసరానికి అది మంచిదే. చర్చకు మాత్రం పనికిరాదు. అక్కడ జరిగింది ఆరు నెలల తర్వాత వెతికితే దొరకదు, గుంపులో లేనివాళ్లకు అసలే తెలియదు, పైగా మన ఫోను నంబరు ముక్కూమొహం తెలియనివాళ్లందరి చేతుల్లోనూ పడుతుంది. ఈ చివరి కారణం వల్లే కొందరు మహిళలు గుంపుల్లోంచి తప్పుకోవడం నాకు తెలుసు.

అదే కోణంలో, వికీలోనే ఉన్న కార్యక్రమ నమోదు సాధనం నాకు బాగా నచ్చింది. వస్తున్నామని అందరికీ కనిపించేలా చెప్పుకోవచ్చు, నిర్వాహకులకు మాత్రమే తెలిసేలానూ నమోదు కావచ్చు. మెడలో వేసుకునే కార్డు మీద వాడుకరి పేరు మాత్రమే ఉండాలనీ, ఫొటో వద్దనేవాళ్లను గుర్తుపట్టడానికి వేరే రంగు ట్యాగు ఇవ్వాలనీ నేను ప్రతి చోటా పట్టుబడతాను. సామూహిక ఫొటో ఒకసారి కామన్స్‌లోకి ఎక్కితే అందరికీ అందుబాటులో ఉంటుంది. తీసేయమని తర్వాత బతిమాలుకునే పరిస్థితి ఎవరికీ రాకూడదు.

తొలిసారి సమావేశానికి వెళ్లేవాళ్లు ముందురోజు ఇంటి దగ్గరే ఖాతా తెరుచుకోండి, వాడుకరి పేరు ఎంచుకునేటప్పుడు అసలు పేరు పెట్టుకోవడం తప్పనిసరి కాదని గుర్తుంచుకోండి. మీకు బాగా తెలిసిన విషయం మీద ఉన్న వ్యాసాన్ని ఒకసారి చదివి, అందులో లేనిదేమిటో చూసుకోండి. ఆ విషయం మీద అచ్చయిన పుస్తకం ఇంట్లో ఉంటే వెంట తెచ్చుకోండి. రచయిత పేరు, ప్రచురణకర్త, ముద్రించిన సంవత్సరం ఉన్న పుట చిరిగిపోకుండా ఉందో లేదో మాత్రం బయలుదేరే ముందే చూసుకోండి.