ఏడిపిస్తుంటే ఏది మేలు: హాస్టలా, ఇంటి నుంచి కాలేజీయా?

విజయవాడలో వీధి కుర్రాళ్ల గొడవ పడలేక పిల్లాణ్ణి హాస్టల్లో వేసేవాళ్లున్నారు. హాస్టల్లో ఏడిపిస్తున్నారని ఇంటికి తెచ్చుకునేవాళ్లూ ఉన్నారు. ఎటు మార్చినా, ఏడిపించేది ఎక్కడో ఏ వేళో ముందు తేల్చుకోవాలి. ఓ వారం గమనించి రాసుకోండి. ‘ఎవర్రా వాడు?’ అంటే నోరు విప్పరు. ‘బస్సులో పక్కన ఎవరు కూర్చున్నారు? టిఫిన్ ఎక్కడ తిన్నావు?’ అంటే చెబుతారు. సోమవారం పొద్దున్నే కడుపునొప్పి వస్తుంటే అదీ రాయండి.

కాలేజీలోనే అయితే ఇల్లే మేలు. డే స్కాలర్‌కి సాయంత్రమైనా ఊపిరాడుతుంది. హాస్టల్లో ఆ మొహాలే రూములో, మెస్ లైనులో, స్టడీ అవర్స్‌లో. నిద్ర చెడుతుంది, వీక్లీ టెస్టులో మార్కులు పడిపోతాయి, సెక్షన్ మారుస్తారు, దాన్ని పట్టుకుని మళ్లీ ఏడిపిస్తారు. పైగా వార్డెన్ పక్కన నిలబడి ఫోన్ మాట్లాడే పిల్లాడు ‘బాగానే ఉన్నాను’ అనే అంటాడు.

హాస్టల్ తప్పదంటే ఫీజు కట్టకముందే రెండు అడగండి: విడిగా ఫోన్ మాట్లాడనిస్తారా, కౌన్సెలర్ ఎవరు? 100 మంది, అంతకు మించి విద్యార్థులుంటే అర్హతగల కౌన్సెలర్ ఉండాలని, మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడదీయొద్దని సుప్రీంకోర్టు 2025 జులైలో చెప్పింది. అది విశాఖ హాస్టల్లో ఓ విద్యార్థిని చనిపోయిన కేసులోనే. మన రాష్ట్రంలో 1997 నాటి ర్యాగింగ్ నిషేధ చట్టం హాస్టళ్లకూ వర్తిస్తుంది.

గొడవ వీధిలో అయితే హాస్టల్ దాకా పోనక్కర్లేదు. బస్ స్టాపో టైమో మార్చి, ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లేట్టు చూడండి. సింగ్‌నగర్, కృష్ణలంక సందుల్లో వెక్కిరిస్తూ పెట్టిన పేరు ఓ పట్టాన పోదు, నిజమే. అరుగు మీద కూర్చునే పెద్దమ్మల కన్ను హాస్టల్లో దొరకదు మరి. ఇంట్లోనే తాగుడూ తగువులూ ఉంటే మాత్రం హాస్టలే నయం.

ఇంటికొచ్చినా క్లాస్ గ్రూపు ఫోన్లో వెంటాడుతుంది. అలాగని ఫోన్ లాక్కోవద్దు, ఇంకోసారి చెప్పరు. తేదీ, నంబరు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీశాకే బ్లాక్ చేయండి. అవతలి వాళ్ల ఇంటి మీదికి వెళ్లి అరిస్తే మర్నాడు రెట్టింపు అవుతుంది. ప్రిన్సిపాల్‌కి రాతపూర్వకంగా ఇచ్చి, రెండో కాపీ మీద సంతకం, తేదీ వేయించుకోండి. అందరి ముందు సారీ చెప్పించమనకండి. బెంచీ, సెక్షన్ మార్చమనండి. వారానికి మళ్లీ వెళ్లి అడగండి.

నిద్ర, తిండి రెండు వారాలైనా కుదుటపడకపోతే డాక్టర్‌కి చూపించాలి. ‘చచ్చిపోవాలనిపిస్తోంది’ అంటే ఆ రాత్రే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. అంతదాకా పిల్లాణ్ణి ఒంటరిగా పడుకోనివ్వకండి.