దర్వాజ కథ కోసమైనా ఈ పుస్తకం కొనండి

డిసెంబర్‌లో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌లో ఒక చిన్న స్టాల్‌లో 100 రూపాయలు పెట్టి కొన్నాను. సర్కారు బడి పిల్లలు రాసిన కథలు, కవితలు. మా పాప కోసమని తెచ్చాను కానీ ఆ రాత్రి ముందు నేనే కూర్చుని మొత్తం చదివేశాను.

రాసినవాళ్లలో సగం మంది మల్లన్నసాగర్ ముంపు ఊళ్ల నుంచి గజ్వేల్ దగ్గరి కాలనీకి వచ్చిన పిల్లలు. 50 టీఎంసీల రిజర్వాయర్ అని, 2022లో ప్రారంభించారని పేపర్లలో చదివాం. ఇందులో ఒక అబ్బాయి వాళ్ల నానమ్మ గురించి రాశాడు. ఇల్లు కూలగొట్టేటప్పుడు ఆమె టేకు దర్వాజ ఒక్కటి ఊడదీయించి ట్రాక్టర్‌లో వేయించుకుని వచ్చిందట, కొత్త ఇంటికి అది సరిపోలేదు, ప్రహరీకి ఆనించి పెట్టారు, ఆమె మాత్రం ఇప్పటికీ ప్రతి శుక్రవారం ఆ దర్వాజ గడపకే పసుపు రాసి బొట్లు పెడుతోందట. కథ అంతే. ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

ఇంకో పిల్ల దసరా నాడు పాలపిట్ట కోసం కాలనీ అంతా తిరిగిన సంగతి రాసింది. చీకటి పడే వేళకు కరెంటు తీగ మీద ఒకటి కనిపిస్తే, ఇది మా ఊరిదేనా అని తమ్ముడు అడిగాడట. మోదుగు పూలు ఉడకబెట్టి హోలీ రంగు చేసిన కవిత కూడా చాలా బాగుంది.

పిల్లలు బర్రె, కొట్టం, అంగడి అని ఇంట్లో మాట్లాడినట్టే రాసినవి ప్రాణంతో ఉన్నాయి. కొన్నిచోట్ల మాత్రం పెద్దల చెయ్యి పడినట్టు తెలిసిపోతుంది. ఆరో తరగతి పిల్ల పర్యావరణ పరిరక్షణ మన కర్తవ్యం అని తనంతట తాను రాస్తుందా? అలాంటివి ఓ పది ఉన్నాయి, దాటేయండి. అక్షరాలు మరీ చిన్నవి, బైండింగ్ నెలకే ఊడింది. మళ్లీ వేస్తే ఈ రెండూ సరిచేయండి, పిల్లల భాషను మాత్రం దయచేసి దిద్దకండి.

ఇంకో కాపీ కొని ఊళ్లో అమ్మకు పంపాను. అంగడికి తోలుకెళ్తుంటే మాటిమాటికీ ఇంటివైపు తిరిగి చూసిన బర్రె కవిత ఒకటుంది, అమ్మ దాన్ని ఫోన్‌లో నాకే చదివి వినిపించింది, మధ్యలో ఆగి "మన గౌరి కూడా గట్లనే చూసింది గదరా" అంది.