లిబ్రేఆఫీస్ మొరాయిస్తోందా? తీసేసే ముందు చూడాల్సినవి, మానేస్తే పెట్టుకోదగినవి

లిబ్రేఆఫీస్ క్రాష్ అవుతుంటే ఎక్కువమంది చేసే పని ఒకటే. అన్‌ఇన్‌స్టాల్ చేసి, కొత్త వెర్షన్ దింపుకుని మళ్లీ ఎక్కిస్తారు. మర్నాటికి మళ్లీ అదే క్రాష్. ఎందుకంటే అన్‌ఇన్‌స్టాల్ చేసినప్పుడు ప్రోగ్రామ్ పోతుంది కానీ మీ సెట్టింగులు దాచుకున్న యూజర్ ప్రొఫైల్ ఫోల్డర్ డిస్కులో అలాగే ఉండిపోతుంది. కొత్త వెర్షన్ వచ్చీ రాగానే ఆ పాత ప్రొఫైల్‌నే చదువుకుంటుంది. ఇల్లు మారినా పాత పెట్టెల్లో బొద్దింకలు వెంట వచ్చినట్టన్నమాట.

ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్లలో మొదటి ఓటు ఇప్పటికీ దీనికే వేయొచ్చు. కానీ దీని కోపతాపాలు తెలిసి వాడాలి. "స్లో" అని అందరూ ఒకే మాట అంటారు గానీ అందులో మూడు వేర్వేరు జబ్బులున్నాయి: ప్రోగ్రామ్ తెరుచుకోవడమే ఆలస్యం, ఏదో ఒక ఫైల్ మాత్రమే బరువెక్కడం, ఏ ఫైల్ తెరిచినా హఠాత్తుగా మూసుకుపోవడం. మూడింటికీ మందు వేరు.

దానికంటే ముందు, మీరు వాడుతున్నది నిజంగా లిబ్రేఆఫీసేనా అని హెల్ప్ మెనూలో అబౌట్ తెరిచి చూడండి. 2010లో ఓపెన్‌ఆఫీస్ నుంచి చీలి వచ్చిందే లిబ్రేఆఫీస్. పాతది అపాచీ ఓపెన్‌ఆఫీస్ పేరుతో ఇంకా దొరుకుతోంది, పైపైన చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. కానీ అది 2014లో మొదలైన 4.1 దగ్గరే ఆగింది, ఆ తర్వాత వచ్చినవన్నీ చిన్నచిన్న దిద్దుబాట్లే. వర్డ్ వాడే డాక్‌ఎక్స్ ఫైలును తెరుస్తుంది గానీ ఆ రూపంలో సేవ్ చేయలేదు. మీ దగ్గరున్నది అదే అయితే రిపేరు కోసం సమయం వృథా చేయకండి, తీసేసి లిబ్రేఆఫీస్ పెట్టుకోండి.

విండోస్ 64 బిట్ అయితే లిబ్రేఆఫీస్ కూడా 64 బిట్‌దే ఉండాలి. 32 బిట్‌ది వాడితే కంప్యూటర్‌లో ఎంత ర్యామ్ ఉన్నా ప్రోగ్రామ్‌కు అందేది కొద్దిగానే, పెద్ద షీట్ తెరిచేసరికి చతికిలబడుతుంది.

సేఫ్ మోడ్ తీర్పు

అసలు పరీక్ష ఇక్కడ మొదలవుతుంది. తెరిచిన ఫైళ్లన్నీ సేవ్ చేసి, హెల్ప్ మెనూలో "రీస్టార్ట్ ఇన్ సేఫ్ మోడ్" నొక్కండి. ప్రోగ్రామ్ అసలు తెరుచుకోకపోతే విండోస్ స్టార్ట్ మెనూలోనే లిబ్రేఆఫీస్ సేఫ్ మోడ్ అని విడిగా ఉంటుంది. ఈ మోడ్‌లో అది మీ ప్రొఫైల్‌ను పక్కనపెట్టి తాత్కాలికంగా కొత్తది వాడుకుంటుంది, గ్రాఫిక్స్ కార్డు సాయం తీసుకునే హార్డ్‌వేర్ యాక్సెలరేషన్ కూడా ఆపేస్తుంది. ఇబ్బంది ఇక్కడ మాయమైతే దోషం ప్రొఫైల్‌దో గ్రాఫిక్స్‌దో. ఇక్కడా అలాగే ఉంటే ఫైల్‌నో కంప్యూటర్‌నో అనుమానించాలి.

ప్రొఫైలా, గ్రాఫిక్సా అన్నది తేల్చడానికి సేఫ్ మోడ్ కిటికీలోనే దారి ఉంది. "కాన్ఫిగర్" కింద ముందు హార్డ్‌వేర్ యాక్సెలరేషన్ ఆపే గడి ఒక్కటే టిక్ పెట్టి, మార్పు వర్తింపజేసి మామూలుగా తెరవండి. ఫలితం లేకపోతే ఎక్స్‌టెన్షన్లు ఆపే గడి. రెండూ ఒకేసారి పెడితే పని జరగొచ్చు గానీ తప్పు దేనిదో తెలియదు.

గ్రాఫిక్స్ దోషానికి గుర్తులు తేలిగ్గానే కనిపిస్తాయి: స్క్రోల్ చేస్తుంటే అక్షరాలు అలుక్కుపోవడం, కిటికీలో నల్లటి ముక్కలు రావడం, ఏదైనా డైలాగ్ తెరవగానే మూసుకుపోవడం. 7.0 వెర్షన్ నుంచి విండోస్‌లో బొమ్మ గీసే పని స్కియా అనే ఇంజిన్‌కు అప్పగించారు. అది గ్రాఫిక్స్ కార్డును నేరుగా వాడుకుంటుంది, పాత డ్రైవర్లతో దీనికి పడదు. టూల్స్, ఆప్షన్స్, లిబ్రేఆఫీస్, వ్యూ వరకు వెళ్లి "ఫోర్స్ స్కియా సాఫ్ట్‌వేర్ రెండరింగ్" టిక్ పెట్టి రీస్టార్ట్ చేయండి. స్కియాను పూర్తిగా తీసేయాల్సిన అవసరం చాలాసార్లు రాదు. గ్రాఫిక్స్ డ్రైవర్ కొత్తది వేశాక టిక్ తీసి మళ్లీ చూడొచ్చు.

దోషం ప్రొఫైల్‌దని తేలితే ఫోల్డర్‌ను చెరిపేయకండి, పేరు మార్చండి. విండోస్‌లో అది యాప్‌డేటా, రోమింగ్, లిబ్రేఆఫీస్, 4, యూజర్ అనే వరుసలో ఉంటుంది. లినక్స్‌లో హోమ్ ఫోల్డర్‌లో దాగి ఉండే కాన్ఫిగ్ ఫోల్డర్ కింద, మ్యాక్‌లో లైబ్రరీలోని అప్లికేషన్ సపోర్ట్ కింద చూడండి. వెర్షన్ 7 అయినా, 24 అయినా ఫోల్డర్ పేరు 4 గానే ఉంటుంది, ఇది పాతది కాబోలని వదిలేయకండి. లిబ్రేఆఫీస్‌ను మూసి, "యూజర్" ఫోల్డర్ పేరు చివర ఏదో ఒక అక్షరం తగిలించి మళ్లీ తెరిస్తే కొత్త ప్రొఫైల్ తనంతట తానే తయారవుతుంది.

దీనివల్ల మీరు చేర్చుకున్న నిఘంటు పదాలు, ఆటోటెక్స్ట్, టెంప్లేట్లు, మాక్రోలు కనిపించకుండా పోతాయి. కంగారు పడనక్కర్లేదు. పాత ఫోల్డర్‌లోంచి వర్డ్‌బుక్, ఆటోటెక్స్ట్, టెంప్లేట్, ఆటోకార్, బేసిక్ అనే ఉపఫోల్డర్లు మాత్రం కొత్తదాంట్లోకి కాపీ చేసుకోండి. రిజిస్ట్రీమాడిఫికేషన్స్ అనే ఫైలును మాత్రం తేవద్దు. సెట్టింగులన్నీ ఉండేది అందులోనే, పాడయ్యేదీ ఎక్కువగా అదే.

కొన్నిసార్లు క్రాష్ తర్వాత ఐకాన్ ఎన్నిసార్లు నొక్కినా ఏమీ జరగదు. టాస్క్ మేనేజర్ తెరిచి వివరాల ట్యాబ్‌లో ఎస్‌ఆఫీస్ బిన్ అనే ప్రాసెస్ ఇంకా మిగిలి ఉంటే ఆపేయండి. ఫైల్ తెరిస్తే "ఎవరో వాడుతున్నారు" అంటోందా? ఆ ఫైల్ పక్కనే పేరు మొదట్లో "లాక్" అన్న మాట ఉండే చిన్న దాగుడు ఫైల్ మిగిలిపోయి ఉంటుంది. వేరెవరూ వాడటం లేదని రూఢి చేసుకుని దాన్ని తీసేస్తే సరి.

తెరుచుకోవడమే ఆలస్యమైతే

కంప్యూటర్ ఆన్ చేశాక మొదటిసారి మాత్రమే నెమ్మదిగా తెరుచుకుని, మూసి మళ్లీ తెరిస్తే చప్పున వస్తోందంటే సమస్య డిస్కుది. పాత తిరిగే హార్డ్‌డిస్కులో వందల చిన్న ఫైళ్లు చదవడానికి పట్టే సమయమది. ఎస్‌ఎస్‌డీ ఒక్కటే మందు. ప్రతిసారీ నెమ్మదిగా ఉంటే రెండు చోట్ల చూడండి. డీఫాల్ట్ ప్రింటర్ నెట్‌వర్క్‌ది అయ్యుండి ఆఫ్‌లో ఉంటే దాని జవాబు కోసం వేచి చూస్తుంటుంది, డీఫాల్ట్‌ను పీడీఎఫ్ ప్రింటర్‌కు మార్చి చూడండి. రెండోది జావా. ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ కింద జావా వాడకం టిక్ తీసేయొచ్చు. బేస్‌లో డేటాబేస్‌లు నడిపేవాళ్లు, కొన్ని విజార్డులు వాడేవాళ్లు మాత్రం ఉంచుకోవాలి.

ఒక్క ఫైలే బరువైతే

ఫిర్యాదులు ఎక్కువగా కాల్క్ (లిబ్రేఆఫీస్‌లోని స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రామ్) షీట్ల మీదే వినిపిస్తాయి, చాలావరకు తప్పు షీట్‌దే. కంట్రోల్ నొక్కి ఎండ్ నొక్కండి. మీ డేటా 2,000వ వరుసతో అయిపోయినా కర్సర్ ఇంకా చాలా కిందికి వెళ్లి కూర్చుందంటే, డేటా కింద ఎక్కడో ఏదో మిగిలిపోయిందన్నమాట. డేటా ఉన్న భాగం మాత్రమే కొత్త షీట్‌లోకి కాపీ చేసి పాత షీట్ తీసేయండి. ఇతర షీట్లలో ఫార్ములాలు పాతదాన్ని చూపిస్తుంటే ముందు వాటిని మార్చాలి, లేకపోతే రెఫరెన్స్ ఎర్రర్లు వరుస కడతాయి.

ఇంతకంటే కనిపించకుండా దెబ్బకొట్టేది కండిషనల్ ఫార్మాటింగ్, అంటే షరతును బట్టి గడి రంగో రూపమో మార్చే నియమం. ఫార్మాట్ మెనూలో కండిషనల్, మేనేజ్ తెరిచి చూడండి. మీరు పెట్టింది ఒక్క నియమం. అక్కడ వందలు కనిపిస్తాయి: ఒకటి 2 నుంచి 17వ వరుసకు, ఇంకోటి 18కి మాత్రమే, మరోటి 19 నుంచి 40కి, అన్నింటిలోనూ అదే షరతు. వరుసల మధ్య కాపీ పేస్ట్ చేసిన ప్రతిసారీ నియమం ముక్కలవుతుంది. అన్నీ తీసేసి మొత్తం పరిధికి ఒక్కటే మళ్లీ రాయండి. ఇకమీదట పేస్ట్ చేసేటప్పుడు పేస్ట్ స్పెషల్‌తో అంకెలు, అక్షరాలు, ఫార్ములాలు మాత్రమే తెచ్చుకుంటే మళ్లీ ఆ గొడవ రాదు.

ఫార్ములాల్లో ఇండైరెక్ట్, ఆఫ్‌సెట్, రాండ్, నౌ లాంటివి షీట్‌లో ఏ గడి మారినా మళ్లీ లెక్కేస్తాయి. ఒకటీ అరా అయితే పర్వాలేదు. వేల గడుల్లో ఉంటే ఒక్క అంకె కొట్టినా షీట్ బిగుసుకుపోతుంది. ఆఫ్‌సెట్ ఉన్నచోట చాలావరకు ఇండెక్స్‌తో పని జరుగుతుంది, ఇండెక్స్‌కు ఈ జబ్బు లేదు. అప్పటికీ కదలకపోతే డేటా, క్యాలిక్యులేట్ కింద ఆటోక్యాలిక్యులేట్ ఆపి, కావాల్సినప్పుడు ఎఫ్9 నొక్కండి. ఆపిన సంగతి మరిచిపోయి పాత లెక్కలతో ప్రింట్ తీస్తే ఆ బాధ్యత మీదే! ఫైల్ తెరవడం మాత్రమే ఆలస్యమైతే ఆప్షన్స్‌లో కాల్క్, ఫార్ములా కింద "తెరిచినప్పుడు మళ్లీ లెక్కించు" అన్నది ఆల్వేస్‌లో ఉందేమో చూడండి. నెవర్‌లో పెట్టాక అంకెల మీద అనుమానమొస్తే కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్9 కలిపి నొక్కితే అన్నీ మొదటినుంచి లెక్కేస్తుంది.

డాక్యుమెంట్లు రాసే రైటర్‌లో గొడవ చాలావరకు బొమ్మలతోనే. డాక్‌ఎక్స్ అన్నా, లిబ్రేఆఫీస్ సొంత ఓడీటీ అన్నా నిజానికి జిప్ ఫైళ్లే. ఒక కాపీ తీసి దాని ఎక్స్‌టెన్షన్‌ను జిప్‌గా మార్చి తెరవండి. డాక్‌ఎక్స్‌లో వర్డ్ ఫోల్డర్ లోపల మీడియా, ఓడీటీలో పిక్చర్స్ అనే ఫోల్డర్ కనిపిస్తుంది. సైజు వారీగా పేర్చితే దొంగ దొరికిపోతాడు. పేజీ మూలన గోరంత కనిపించే లోగో ఫోన్ కెమెరా సైజులో కూర్చుని ఉంటుంది. రైటర్‌లో ఆ బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి కంప్రెస్ ఎంచుకుని, ప్రింట్‌కైతే 300, స్క్రీన్‌కే అయితే 150 డీపీఐకి తగ్గించండి. ట్రాక్ చేంజెస్ (ఎవరేం మార్చారో గుర్తుపెట్టుకునే చిట్టా) పేరుకుపోయినా ఇలాగే ఈడుస్తుంది. మార్పులు కనబడకుండా దాచితే సరిపోదు, ఒప్పుకోవడమో తోసిపుచ్చడమో చేయాలి.

గడియారం పెట్టినట్టు పది నిమిషాలకోసారి ఆగిపోతోందా? అది క్రాష్ అయినా పని పోకుండా దాచే ఆటోరికవరీ, డీఫాల్ట్‌గా పది నిమిషాలకోసారి నడుస్తుంది. ఆపేయకండి, ఫైలును తేలిక చేయండి. ఆప్షన్స్‌లో లోడ్‌సేవ్, జనరల్ కింద బ్యాకప్ కాపీ ఎప్పుడూ చేయమనే టిక్ కూడా పెట్టుకోండి.

ఎక్సెల్ వాడే ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌లోనే రోజంతా పనిచేస్తుంటే ప్రతి సేవ్‌కూ ఒక మార్పిడి జరుగుతుంది. పని లిబ్రేఆఫీస్ సొంత రూపమైన ఓడీఎస్‌లో చేసుకుని, ఇతరులకు పంపేటప్పుడు మాత్రమే ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ తీయండి.

వేరేది పెట్టుకోవాలనుకుంటే

మీకొచ్చేవన్నీ వర్డ్, ఎక్సెల్ ఫైళ్లే, తిరిగి పంపాల్సిందీ అలాగే, అమరిక చెదిరితే ఊరుకోరు. అలాంటప్పుడు పైన చెప్పినవన్నీ చేసినా లిబ్రేఆఫీస్ మీకు తృప్తినివ్వదు. ఓన్లీఆఫీస్ డెస్క్‌టాప్ ఎడిటర్స్ పెట్టుకోండి. అది లోపల పనిచేసేదే ఆ ఫార్మాట్లలో. కానీ బ్రౌజర్ ఇంజిన్ మీద కట్టింది కాబట్టి ర్యామ్ తక్కువున్న కంప్యూటర్‌లో బరువనిపిస్తుంది. ఓడీటీ ఇస్తే మార్చుకుని తెరుస్తుంది, మళ్లీ ఓడీటీగా సేవ్ చేస్తే కొన్ని పోవచ్చు. ఎక్సెల్ వీబీఏ మాక్రోలు నడవవు, దాని మాక్రోలు జావాస్క్రిప్ట్‌లో రాసుకోవాలి.

పాత కంప్యూటర్‌కు సాఫ్ట్‌మేకర్ వాళ్ల ఫ్రీఆఫీస్ నప్పుతుంది. చిన్నది, చప్పున తెరుచుకుంటుంది, డాక్‌ఎక్స్‌లో సేవ్ చేస్తుంది. డబ్ల్యూపీఎస్ ముఖం చూస్తే మైక్రోసాఫ్ట్‌దే అనుకుంటారు, ఉచిత వెర్షన్‌లో ప్రకటనలు రావొచ్చు, కొన్ని సదుపాయాలకు డబ్బు కట్టాలి. ప్రకటనలు గిట్టనివాళ్లు దూరంగా ఉండండి. ఇంటర్నెట్ నిలకడగా ఉంటే గూగుల్ షీట్స్ కూడా ఆలోచించొచ్చు, కోటి గడుల వరకు ఒప్పుకుంటుంది, కానీ ఆ హద్దుకు చాలా ముందే బ్రౌజర్ ఆయాసపడుతుంది. మైక్రోసాఫ్ట్ వెబ్ వెర్షన్‌లో అమరిక చెదరదు, మాక్రోలు మాత్రం నడవవు.

ఏది పెట్టుకున్నా తెలుగులో రాసేవాళ్లు ముందు ఒక పరీక్ష చేయాలి. "స్త్రీ, లక్ష్మి, జ్ఞానం, కార్త్స్న్యం" అని ఒక లైన్ కొట్టి, బోల్డ్ చేసి, పీడీఎఫ్ తీసి, అందులోంచి మళ్లీ కాపీ చేసి చూడండి. వత్తులు ఎక్కడ విడిపోతాయో అక్కడే తెలిసిపోతుంది. లిబ్రేఆఫీస్‌లో తెలుగు ఫాంట్ మార్చినా మారడం లేదంటే ఆప్షన్స్‌లో భాషల కింద కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ టిక్ పెట్టండి. తర్వాత క్యారెక్టర్ డైలాగ్‌లో దానికి విడిగా కనిపించే ఫాంట్ గడిలో మార్చాలి, పైనున్న పాశ్చాత్య లిపి గడిలో కాదు.

వేరేదానికి మారినా లిబ్రేఆఫీస్‌ను తీసేయక్కర్లేదు, రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఏ ఫైల్ దేనితో తెరవాలో విండోస్ డీఫాల్ట్ యాప్స్‌లో నిర్ణయించుకుంటే చాలు. ఏళ్లనాటి వర్డ్‌పర్ఫెక్ట్, మైక్రోసాఫ్ట్ వర్క్స్ ఫైలో, ఇంకెక్కడా తెరుచుకోని దెబ్బతిన్న డాక్‌ఎక్స్ ఫైలో చేతికొచ్చినప్పుడు ముందు ప్రయత్నించాల్సింది దీంట్లోనే.