బరువు బంతా, మామూలు బంతా?

పురుషుల బాస్కెట్‌బాల్ ఆటలో వాడే సైజు 7 బంతి సుమారు 600 గ్రాములు. సాధనకు దొరికే బరువు బంతి చాలావరకు 1.3 కిలోలు, అంటే రెట్టింపుకు పైనే. డ్రిబ్లింగ్‌కు, అంటే బంతిని నేలకు కొడుతూ ఆడే సాధనకు, నా ఓటు బరువు బంతికే. అది సులువుగా పైకి లేవదు, వేళ్లతో, ముంజేతితో గట్టిగా కొట్టాల్సిందే. పది నిమిషాలు చేసి మామూలు బంతి పట్టుకుంటే చేతిలో దూదిలా ఉంటుంది. ఛాతీ దగ్గర్నుంచి రెండు చేతులతో నెట్టే ఛాతీ పాస్‌లకూ మంచిదే, అందుకునేవాళ్ల వేళ్లు మాత్రం జాగ్రత్త!

షూటింగ్‌కు మాత్రం దాన్ని ముట్టుకోవద్దు. బరువు మోయలేక మోచేయి పక్కకు జరుగుతుంది, భుజంతో నెట్టడం అలవాటవుతుంది. గురి అంటే మణికట్టు గుర్తుంచుకునే కొలత. దాన్ని మామూలు బంతితోనే నేర్పాలి. ఎదిగే పిల్లలకైతే రెండు పనులకూ మామూలు బంతే ఇవ్వండి.